వరసగా అన్నీ తేడా కొడుతుంటే మన బాధ్యత మనం తీసుకోవడం ఎలా?

సార్వా (వానాకాలం వరి) పోయింది, దాళ్వా (రెండో పంట వరి) కూడా పోయింది అంటే మన గోదావరి డెల్టాలో మొదట వినపడేది మందుల షాపాయన పేరు, ఆ తర్వాత విత్తనం, ఆ తర్వాత పక్క చేను, ఏదీ కుదరకపోతే జాతకం. ఇందులో కొన్ని నిజమే అయ్యుండొచ్చు, కానీ తప్పెవరిదో తేలేలోపు మళ్లీ ఊడ్పులొచ్చేస్తాయి, మళ్లీ అదే పద్ధతి, అదే నష్టం. చేలోనే కాదు, షాపులో అయినా ఇంట్లో అయినా ఇంతే.

1. జరిగింది జరిగినట్టు రాయండి
ఏ రోజు ఏం చేశారు, ఎన్ని బస్తాలు వేశారు, ఎప్పుడు చూశారు, అంతే. కారణాలు ఇప్పుడే రాయొద్దు. ఇది పంట పోయిన వారంలోనే చెయ్యాలి, ఆలస్యమైతే మనకి నచ్చినట్టే గుర్తుంటుంది.

2. మన చేతిలో లేనివి పక్కన పెట్టండి
1996 నవంబర్ తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలకి తోటలే పడిపోయాయి, అది ఏ రైతు తప్పూ కాదు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా వెయ్యడం మానేశారంటే పూడుకుపోయిన డ్రైన్లు, గిట్టని ధర లాంటి కారణాలున్నాయి. ఇలాంటివి కూడా నెత్తినేసుకుని కుమిలిపోవడం బాధ్యత కాదండి.

3. మిగిలినదాంట్లో మన వాటా వెతకండి
అసలు పని ఇక్కడే. స్వర్ణ రకం వరి వేశారు, దోమపోటొచ్చింది (మొదళ్ల దగ్గర రసం పీల్చే దోమ), మందు కొట్టినా ఆగలేదు, మందు నకిలీదన్నారు అనుకుందాం. సరే, యూరియా ఎంత వేశాం? పైరు నల్లగా కనపడాలని ఎక్కువ వేస్తే దోమకి అదే విందు. ఊడ్చేటప్పుడు ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తీశామా, లేక చోటు దండగని వదిలేశామా? దుబ్బు పక్కకి వంచి మొదలు చూశామా? దోమ ఉండేది అక్కడే, నీటికి కాస్త పైన, మనం గట్టు మీద నుంచుని ఆకుల మీద కొట్టేస్తే దానికి తగలదు. మందు నిజంగా నకిలీదే అయినా ఈ మూడు ప్రశ్నలకి జవాబు మనమే చెప్పుకోవాలి.

4. ఇంట్లో చెప్పండి
"నాన్నా, ఈసారి మొదళ్లు చూడలేదు, అది నాదే" అని చెప్పి ఆగిపోండి, వెనకాలే ఇంకొకళ్ల పేరు తేవద్దు. కష్టమే, నాకు తెలుసు, కానీ ఆ మాట తర్వాతే ఇంట్లో వాళ్లు కూడా తమకి తెలిసింది చెప్తారు.

5. ఒక్కటి మార్చండి
వచ్చే పంటకి అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. కాలిబాటలంటే కాలిబాటలే, తీసి చూడండి.

డ్రైను పూడిక సంగతికి నలుగురు రైతులు కలిసి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. అప్పుల బాధకి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, అంతా నావల్లే అని మనసు చెడు ఆలోచనల వైపు పోతుంటే మాత్రం ఈ లెక్కలన్నీ ఆపేసి ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీయే, తెలుగులోనే మాట్లాడతారు.