తంగేడు పేర్లను పొద దగ్గరే తేల్చుకోవడం

చంద్రగిరి, పీలేరు వైపు చేను గట్లమీద తంగేడుకు కొదవ లేదు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు హద్దుల్లో మాత్రం ఆకు కూడా తెంపకూడదు. గట్టుమీది పొద చాలు.

ముందు చెవులు వెతకండి. ఆకు కాడ కొమ్మకు అతికే చోట ఇరుపక్కలా గుండ్రటి పచ్చని రేకు ఉంటుంది, అడుగున సన్నని దారంలాంటి తోకతో. ఆకుతోపాటే నిలిచి ఉంటుంది. తంగేడు శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులాటా' అంటే లాటిన్‌లో చెవులున్నది. ఆ పేరు ఈ రేకుల వల్లే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కేసియా ఆరిక్యులాటా అన్నాడు, ఇప్పుడు సెన్నా ఆరిక్యులాటా అంటున్నారు. పాత పుస్తకంలో మొదటిది కనిపిస్తే వేరే మొక్క అనుకోవద్దు.

పసుపు పూవును చూసి నిర్ణయిస్తే దెబ్బతింటారు. కసింద, తగిరిస మొక్కలకూ పసుపు పూలే. ఆకును తిప్పి చూడండి: తంగేడుకు 8 నుంచి 12 జతల చిన్నాకులు, ప్రతి జత మధ్యా నిలబడ్డ చిన్న గ్రంథి. కసిందకు కాడ మొదట్లో ఒక్కటే, తగిరిసకు కింది జతల మధ్యే. తంగేడు కాయ కాగితంలా పలుచన. తగిరిస కాయ సన్నగా, పొడుగ్గా, వంకరగా ఉంటుంది.

ఇంగ్లీషులో 'టానర్స్ కేసియా' అనడానికి కారణం బెరడు. తోళ్లు పదును చేసేవాడు టానర్. 'టాన్', 'తంగ్' శబ్దాలు కలిశాయని రెండు పేర్లకు చుట్టరికం కట్టవద్దు. బెరడు గుణం ఇంట్లోనే చూడవచ్చు: వేలెడు పొడవు బెరడు ముక్కలు రెండింటిని గ్లాసుడు వేడినీళ్లలో వేసి, తుప్పు పట్టిన మేకు ఒకటి జారవిడిచి రాత్రంతా ఉంచండి. నీళ్లు నల్లబడతాయి. స్టెయిన్‌లెస్ మేకు వేస్తే రంగు రాదు, ఇనుము నీళ్లలోకి దిగదు కనుక. బెరడు కోసం చిన్న కొమ్మ నరకండి. మొదలు చుట్టూ ఒలిస్తే పొద చస్తుంది.

తెలుగు పేరుకు దగ్గరి చుట్టం కన్నడంలో ఉంది, తంగడి. తమిళులు ఆవారం అంటారు. కుప్పం వైపు మూడు భాషలవాళ్లనూ అడిగి రాసుకోండి, కానీ పూల ఫోటో చూపవద్దు. చెవులున్న పచ్చి రెమ్మ చూపండి, లేకపోతే వేరే మొక్క పేరు చెబుతారు.

సీమ తంగేడు, నేల తంగేడు వేరు. సీమ అంటే పైదేశం నుంచి వచ్చింది, అది చెట్టు. నేల తంగేడు అంటే సునాముఖి.