కీమో తర్వాత ఎండ తగిలే చోటే మంట, మచ్చలా?

సమస్య: క్యాన్సర్‌కు కీమో ఎక్కించుకున్న కొన్ని రోజులకు మెడ వెనుక, ముంజేతులు, బుగ్గలు ఎర్రబడి మండుతాయి. చొక్కా చేతులు ఆగిన చోట గీత గీసినట్లు ఆ ఎరుపూ ఆగిపోతుంది. పాలమూరు, నల్లగొండ పత్తిచేలలో ఏళ్లుగా ఎండకు పనిచేసినవారు దీన్ని చూసి ‘మందు పడలేదు’ అనుకుంటారు. తర్వాతి కీమోకు వెళ్లడం మానేస్తారు. మచ్చలకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

కారణం: ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్, మెతోట్రెక్సేట్, డకార్బజిన్ వంటి మందులు వాడేటప్పుడు చర్మం ఎండకు తట్టుకోలేదు. కొత్తగా ఎండ తగలకపోయినా రావచ్చు. మెతోట్రెక్సేట్ పాత ఎండదెబ్బను తిరగబెట్టగలదు. ఫ్లోరోయురాసిల్, ఎండకు గరుకుబారిన పాత మచ్చల్లోని చెడిన కణాలపై పనిచేసి వాటిని రగిలిస్తుంది. అలాంటి మచ్చలకు ఇదే మందును పూతగానూ వాడతారు. చామనఛాయ వారిలో ఆ గరుకు మచ్చలు తక్కువ; నలుపెక్కడమే ఎక్కువ. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండితే అది వేరే సమస్య. కాపెసిటబిన్‌తో తరచూ వస్తుంది, దాని సంగతీ డాక్టరుకు చెప్పాలి.

పరిష్కారం: ఫొటో తీసి, కీమో ఇచ్చిన ఆసుపత్రి డాక్టర్లకు చూపించండి. మందు ఆపాలా, మోతాదు తగ్గించాలా అన్నది వారి నిర్ణయం. చాలాసార్లు స్టెరాయిడ్ పూతతో సర్దుకుంటుంది, కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు వద్దు. పసుపు, ఆకుపసర్లు అసలే వద్దు. చిట్లిన చర్మం మీద అవి మంటను పెంచుతాయి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, బొబ్బలు లేచినా, చర్మం ఊడినా, నోట్లో పుండ్లు పడినా, కళ్లు ఎర్రబడినా తెల్లవారేదాకా ఆగకండి. అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఎండ సంగతి. పది నుంచి నాలుగు దాకా చేను పని మానాలి. పొడుగు చేతుల నూలు చొక్కా, తలకూ మెడకూ కండువా, కనీసం ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ పూత. బస్సు అద్దం ఎండను పూర్తిగా ఆపదు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు పొద్దున వెళ్లినా, సాయంత్రం తిరిగొచ్చినా ఎండ ఎక్కువగా కుడివైపే పడుతుంది కనుక ఎడమవైపు సీటు చూసుకోండి.