ఫ్రెండ్‌తో సిటీ తిరుగుతూ తినడానికి బయల్దేరే ముందు

కొత్త షూ అస్సలు వేస్కోకండి, సాయంత్రానికి కాళ్ళు బొబ్బలెక్కి మీ ఫ్రెండ్ మీద వాలిపోవాల్సొస్తుంది.

ఆఫ్‌లైన్ మ్యాప్, పవర్ బ్యాంక్, కాస్త చిల్లర.

అసలు జాగ్రత్త తిండి దగ్గరే. జనం ఎక్కువున్న చోట సరుకు త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి పాచిది తగిలే ఛాన్స్ తక్కువ, పొగలు కక్కుతూ కళ్ళ ముందు తీసిందే తినండి, వండాక 2 గంటలకి పైగా బయటే పెట్టినవి, ముందే కోసిన పండ్లు, ఏ నీళ్ళతో చేశారో తెలీని ఐసు వదిలేయండి. ఇద్దరికీ ఒకే ప్లేట్ చెప్పండి, లేదంటే రెండో వీధికే పొట్ట నిండిపోద్ది (నా అనుభవమే!). అలర్జీలుంటే మొహమాటపడకుండా ముందే చెప్పుకోండి. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు బ్యాగులో పడేయండి.

తప్పిపోతే ఎక్కడ కలవాలో, ఆఖరి ట్రైన్ ఎన్నింటికో కూడా చూస్కోండి.