డాబా మీది సోలార్‌ను లైనుకు కలిపే ముందు వోల్టేజి చూసుకోండి

ప్యానెళ్లు ఏ కంపెనీవి తీసుకోవాలని పదిమందిని అడుగుతాం కానీ, మన వీధి లైనులో మిట్టమధ్యాహ్నం వోల్టేజి ఎంతుంటుందో ఎవరూ చూడరు. తీరా బిగించాక, సరిగ్గా ఎండ మండే వేళకే, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటి ఏసీ కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతుంటుంది. అందుకే డబ్బు కట్టకముందే ఒక వారం పాటు, పదకొండుకీ రెండింటికీ మధ్య, మెయిన్ బోర్డు దగ్గర ఫేజుకీ న్యూట్రల్‌కీ మల్టీమీటర్ పెట్టి కొలిచి రాసుకోండి. ఆదివారం మాత్రం వదలొద్దు. దుకాణాలు మూసి లోడు తగ్గిన రోజునే వోల్టేజి పైకెక్కుతుంది.

లైనుకు కలిపే ఇన్వర్టర్ 230 వోల్టుల మీద 80 నుంచి 110 శాతం మధ్యే, అంటే 184 నుంచి 253 వోల్టుల మధ్యే పనిచేయాలన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. ఆ హద్దు దాటితే 2 సెకన్లలో విడిపోవాలి. మళ్లీ కలవాలంటే లైను కనీసం 60 సెకన్లు నిలకడగా ఉండాలి. మన ట్రాన్స్‌ఫార్మర్లేమో లోడు లేనప్పుడు రెండు ఫేజుల మధ్య 433 వోల్టులిచ్చేలా తయారవుతాయి. ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య లెక్కేస్తే 250. ట్రాన్స్‌ఫార్మర్ పక్కిల్లు అయితే మిగిలేది ఆ 3 వోల్టులే!

పైగా కరెంటు బయటికి పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి లైను కన్నా కొంచెం ఎక్కువుండాలి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. ఇన్వర్టర్ మేడ మీద, మీటరు కింద, మధ్య దూరం 30 మీటర్లు అనుకోండి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగితే పోనూ రానూ కలిపి దాదాపు 6 వోల్టులు పెరుగుతుంది. 4 స్క్వేర్ అయితే మూడున్నర, 6 స్క్వేర్ అయితే రెండున్నర లోపే. లైనులో 248 ఉన్నప్పుడు మొదటి వైరుతో 254 అయి ఆగిపోతుంది, మూడోదానితో నడుస్తుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులో పెరిగేది దీనికి అదనం.

అన్నిటికన్నా మేలైన ఉపాయం, ఇన్వర్టర్‌ను కిందికి దించి మీటరు పక్కనే నీడలో బిగించడం. ప్యానెళ్ల నుంచి డీసీ వైరు ఎంత పొడుగున్నా కాస్త కరెంటు వృథా అవుతుందే తప్ప లైను వైపు వోల్టేజి పెరగదు.

లైనులోనే 250 దాటుతుంటే మీరు రాసుకున్న కొలతలు జతచేసి సెక్షన్ ఏఈకి అర్జీ ఇవ్వండి. ట్యాప్ (వోల్టేజిని మెట్లుగా మార్చే ఏర్పాటు) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఒక మెట్టు దించొచ్చు, లేదా మీ సర్వీసును లోడు ఎక్కువున్న ఫేజుకు మార్చొచ్చు. ఇన్వర్టర్ సెట్టింగులో పై హద్దు పెంచేస్తామని బిగించేవాళ్లు అంటే ఒప్పుకోకండి. ఆ వోల్టేజి మీ ఫ్రిజ్ కూడా మోయాలి.

కాగితాల పని కేంద్రం ఇంటి సోలార్ పథకమైన పీఎం సూర్యఘర్ పోర్టల్‌లోనే. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అక్కర్లేకుండానే ఆమోదించినట్టు లెక్క. కరెంటు బిల్లు మీది పేరు దరఖాస్తులో అక్షరం తేడా లేకుండా ఉండాలి. తాతగారి పేరు మీదే బిల్లు వస్తుంటే ముందు అది మార్పించుకోండి. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. ఆపైన ఎంత పెట్టినా అంతే. ప్యానెళ్లలోని సెల్స్ కూడా దేశంలో తయారైనవైతేనే అది వస్తుంది.

3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు సరిపోతాయి. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు పెట్టండి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ అంచున పడ్డా ఆ వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. ప్యానెళ్ల వైర్లను కలిపే కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. ఇటొకటి అటొకటి కలిపితే బిగుతుగానే ఉన్నట్టుంటుంది కానీ, లోపల వేడెక్కి కరిగిపోతుంది. పిడుగు కడ్డీకి, ప్యానెళ్ల ఫ్రేములకు, ఏసీ వైపుకు విడివిడిగా మూడు ఎర్త్ గుంతలు తీయించండి.

ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే సోలార్‌ను దానికి ముందు, మెయిన్ వైపే కలపాలి. దాని అవుట్‌పుట్ వైపు కలిపితే కరెంటు పోయినప్పుడు సోలార్ దాన్నే లైననుకుని ఎదురు తోసి పాడుచేస్తుంది. సరిగా కలిపినదైతే కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ప్రాణాపాయం లేకుండా పెట్టిన ఏర్పాటది.

లోపలికొచ్చిన, బయటికి పోయిన యూనిట్లను విడివిడిగా లెక్కేసే నెట్ మీటరు బిగించేదాకా స్విచ్ వేయకండి. పాత మీటర్లలో చాలా వరకు బయటికి పోయిన యూనిట్లను కూడా వాడకం కిందే లెక్కేస్తాయి. కొత్త మీటరు వచ్చాక ఒక మధ్యాహ్నం ఇంట్లో అన్నీ ఆపి, పావుగంట తేడాతో రెండుసార్లు ఫొటో తీయండి. ఎక్స్‌పోర్ట్ అంకె కదలాలి, ఇంపోర్ట్ అంకె కదలకూడదు. రెండూ కదిలినా, ఇంపోర్ట్ ఒక్కటే కదిలినా వెంటనే స్విచ్ ఆపి ఆ ఫొటోలతో కరెంటు ఆఫీసుకు వెళ్లండి.