ద్రాక్ష గుత్తిని చదవడం – 4వ పాఠం: వాన ఒకటే, కుళ్లు మాత్రం వేరు

బొట్రైటిస్ అనే బూజు పూత సమయంలోనే కాయలో చేరి, పండు మెత్తబడేదాకా చడీచప్పుడు లేకుండా ఉంటుందని పోయిన పాఠంలో చూశాం. (మన రైతులు బూడిద తెగులు అనేది వేరు. రెండూ కలిపేసుకోకండి.)

ఫ్రాన్స్‌లోని బోర్డోలో సెప్టెంబరులో ముసురు పట్టిందనుకోండి. అక్కడి ద్రాక్ష రకాల్లో, పక్కపక్క తోటల్లోనే సెమియాన్ కుళ్లిపోతుంది, మెర్లో కొంత దెబ్బతింటుంది, కాబర్నే సావిన్యాన్ చాలావరకు తట్టుకుంటుంది. ఎందుకు?

ముందు గుత్తిని చూడాలి. నన్నడిగితే సగం జవాబు అక్కడే ఉంది. సెమియాన్, సావిన్యాన్ బ్లాంక్, పినో న్వార్ గుత్తుల్లో పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. ఒత్తుకున్న చోట తొక్క మీది మైనపు పొర సరిగా ఏర్పడదు. లోపల తడి ఆరదు. రాలిన పూరేకులు అక్కడే ఇరుక్కుని బూజుకు మేత అవుతాయి. వానకు పళ్లు ఉబ్బితే చోటు లేక చిట్లుతాయి. ఒకటి కుళ్లితే పక్కదానికి అంటుకోవడం ఎంతసేపు! కాబర్నే గుత్తి వదులు, పండు చిన్నది, తొక్క మందం. గాలి ఆడుతుంది, తడి త్వరగా ఆరుతుంది.

రకం పేరు చూసి మాత్రం తీర్పు చెప్పేయకండి. పినో న్వార్‌లోనే గుత్తి వదులుగా వచ్చే మారియాఫెల్డ్ అనే క్లోన్లు (ఒక తీగ కొమ్మల నుంచి అచ్చం దానిలాగే పెంచిన మొక్కలు) ఉన్నాయి. పండ్ల చుట్టూ ఆకులు తీసేసినా కుళ్లు తగ్గుతుంది.

ఇంకో తమాషా. అదే బోర్డోలోని సోటెర్న్‌లో సెమియాన్ బలహీనతే రైతుకు ఆస్తి. సిరోన్ అనే చల్లటి ఏరు గారోన్ నదిలో కలిసేచోట ఉదయం మంచు కమ్ముతుంది, మధ్యాహ్నం ఎండ కాస్తుంది. బూజు తొక్కకు సన్నటి చిల్లులు పెడుతుంది, ఎండకు నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. ఆ ముడుచుకున్న పళ్లతోనే అక్కడి ఖరీదైన తీపి వైన్ చేస్తారు. ఎండ కాయకుండా ముసురే సాగితే మాత్రం అది ఉత్త కుళ్లే.

ఇంటిపని: బజారులో ద్రాక్ష గుత్తి కొని, కాడ పట్టుకుని మెల్లగా వంచండి. వంగితే వదులు, కర్రలా నిలబడితే బిగువు. తినే ద్రాక్షలో రైతులు ముందే కాయలు పలచన చేస్తారు కాబట్టి చాలావరకు వంగుతాయి. రెండు మూడు దుకాణాలు తిరిగి, వంగని గుత్తి దొరికితే దాని నడుమ పళ్లు విప్పి, ఒత్తుకున్న చోట తొక్క ఎలా ఉందో రాసుకోండి. ఐదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.