ముక్కలైన అడవిలో ఎలుకలు – 3వ పాఠం: ఎఫ్‌ఎస్‌టీ లెక్క చేత్తో కట్టడం

ఎలుక చెవి అంచు నుంచి తీసిన చిన్న ముక్కతో జన్యురూపం ఎలా చదవాలో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఎఫ్‌ఎస్‌టీ, అంటే రెండు గుంపులు జన్యుపరంగా ఎంత వేరుపడ్డాయో చెప్పే కొలత. కాగితం, పెన్సిలు చాలు.

ఒకే అడవి, మధ్యలోంచి రోడ్డు పడింది. రెండు వైపులా పదేసి ఎలుకల్ని పట్టి ఒక జన్యుస్థానం (డీఎన్‌ఏలో ఒక చోటు) చూశాం. అక్కడ క, గ అని రెండు అల్లీళ్లు, అంటే ఆ చోట కనిపించే రెండు రూపాలు. తూర్పున కక 6, కగ 4, గగ ఒక్కటీ లేదు. పడమట కక 2, కగ 4, గగ 4.

ఎలుకల్ని కాదు, అల్లీళ్లను లెక్కపెట్టండి. ఒక్కో ఎలుకలో రెండేసి కాపీలు, పది ఎలుకలంటే 20. తూర్పున క 16, అంటే 0.8. పడమట 8, అంటే 0.4.

తర్వాత విషమయుగ్మజత, అంటే రెండు కాపీలూ వేరువేరుగా (కగ) ఉన్న ఎలుకల వంతు. కళ్లకు కనిపించిన 4/10 కాదు, జతలు ఏ ఎంపికా లేకుండా కలిస్తే రావాల్సినది కావాలి: 2 × క వంతు × గ వంతు. తూర్పున 0.32, పడమట 0.48, సగటు 0.40. రోడ్డే లేదనుకుని అన్నిటినీ కలిపితే క వంతు 0.6, విషమయుగ్మజత 0.48. లోటు 0.08. దాన్ని 0.48తో భాగిస్తే 0.167. అదే ఎఫ్‌ఎస్‌టీ. గినీ పిగ్‌ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ మనకిచ్చిన కొలత ఇది. సున్నా వస్తే రెండు వైపులా అల్లీళ్ల వంతులు ఒకటే. 1 వస్తే చెరో వైపు చెరో అల్లీలే మిగిలింది.

ఇక్కడే చాలామంది తొందరపడి "రోడ్డు రాకపోకల్ని ఆపేసింది" అని రాసేస్తారు. ఆగండి. సంతతికి పనికొచ్చే జంతువులు పదే ఉంటే తరానికి 1/20 వంతు, అంటే 5 శాతం వైవిధ్యం కేవలం యాదృచ్ఛికంగానే పోతుంది. 500 ఉంటే పోయేది 0.1 శాతమే. అంటే ముక్క చిన్నదైతే చాలు, అప్పుడో ఇప్పుడో ఓ ఎలుక రోడ్డు దాటి వస్తున్నా ఎఫ్‌ఎస్‌టీ పెరగొచ్చు. అందుకే ముందు తూర్పున వచ్చిన ఆ తక్కువ విషమయుగ్మజత, 0.32 దగ్గర ఆగి, ఆ ముక్క చిన్నదేమో చూడమంటాను. రోడ్డు పడి ఎన్నాళ్లయిందో కూడా అడగాలి. నిన్నగాక మొన్న పడితే, ఈ అంకె ఇంకా పాత అడవి సంగతే చెబుతుంది.

రోడ్డు లేకున్నా దూరం వల్లే కొంత తేడా రావొచ్చు. దాన్ని విడదీయాలంటే, అంతే దూరంలో రోడ్డు లేని అడవి నుంచి కూడా నమూనాలు తీయాలి. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో బ్యాంక్ వోల్ ఎలుకల మీద చేసిన పనిలో నాకు నచ్చింది ఇలాంటి పోలికే. పల్లె రోడ్డు, రైలుమార్గం పెద్దగా విడదీయలేదు, హైవే విడదీసింది. పైగా వాళ్లు మనలా ఒక్క స్థానంతో సరిపెట్టలేదు, ఎన్నో మైక్రోశాటిలైట్ స్థానాలు (డీఎన్‌ఏలో ఒక చిన్న వరుస మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు) చూశారు.

అభ్యాసం: మూడో ముక్కలో కగ 2, గగ 8. దీన్ని తూర్పు ముక్కతో పోల్చండి. 0.495 రాకపోతే ముందు అల్లీళ్ల లెక్క సరిచూసుకోండి.