పిల్లల ఇన్‌హేలర్: ఆసుపత్రి సిబ్బందికి ఎలా నేర్పాలి?

ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇన్‌హేలర్ వాడకం చెప్పాల్సిన వాళ్లకే చాలాసార్లు ఆ పని సరిగ్గా రాదు. పెట్టె చేతిలో పెట్టి ‘రోజూ రెండు పఫ్‌లు’ అని పంపేస్తారు. మందు నోట్లోనే ఆగిపోతుంది, ఆయాసం తగ్గదు, అప్పుడు మోతాదు పెంచుతారు. మార్చాల్సింది మోతాదు కాదు, వాడే తీరు.

మందు లేని శిక్షణ ఇన్‌హేలర్లు, మాస్కు ఉన్నవీ లేనివీ స్పేసర్లు (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య తగిలించే ప్లాస్టిక్ గొట్టాలు), ఒక బొమ్మ ఉంటే చాలు. ఒక విడతకు ఐదారుగురిని మించి కూర్చోబెట్టవద్దు. స్లైడ్లు అసలే వద్దు, ఇది చేత్తో నేర్చుకోవాల్సిన పని.

మూత తీయడం, ఇన్‌హేలర్ బాగా ఊపడం, స్పేసర్‌కు తగిలించడం ఎవరికైనా త్వరగానే వస్తాయి. కొత్త ఇన్‌హేలర్‌ను ముందు గాల్లోకి ఎన్నిసార్లు నొక్కాలో దాంతో వచ్చే కాగితంలో ఉంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాస్కు పెట్టాలి. ఆపై వయసు పిల్లలు పెదవులు బిగించి పట్టుకోగలిగితే మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే కొస) సరిపోతుంది.

అసలు కష్టం మాస్కు దగ్గరే. అది ముక్కునూ నోటినీ కప్పి, అంచు పొడవునా చర్మానికి ఆనుకుని ఉండాలి. ఎక్కడ కాస్త సందున్నా బిడ్డ అక్కడినుంచే గాలి పీలుస్తుంది, మందు స్పేసర్‌లోనే ఉండిపోతుంది. ముక్కుకు రెండు పక్కలా వేలితో తడిమి చూడమనండి.

ఆ తర్వాత వాల్వు మీద కన్నుంచాలి. చాలామంది బిడ్డ ముఖమో, గడియారమో చూస్తుంటారు. బిడ్డ ఊపిరి పీల్చిన ప్రతిసారీ స్పేసర్‌లోని పల్చని వాల్వు కదలాలి. కదలడం లేదంటే మందు లోపలికి వెళ్లడం లేదు. అందుకే నేను మొదట ఇన్‌హేలర్ నొక్కనివ్వను. సహోద్యోగికి మాస్కు పెట్టి, వాల్వు కదలిక చూపించాకే నొక్కమంటాను. నొక్కాక ఐదారు మామూలు శ్వాసలు అయ్యేవరకు మాస్కు కదపకూడదు.

ఏడుస్తుంటే గట్టిగా పీలుస్తాడు, మందు బాగా వెళుతుంది అనే మాట ఆసుపత్రుల్లో ఇంకా వినిపిస్తోంది. అది తప్పు. ఏడుపులో ఊపిరి వదలడమే ఎక్కువ, పీల్చేది చిన్న గుక్కలే, పైగా మాస్కు నిలవదు. ఊపిరితిత్తులకు చేరేది చాలా తక్కువ. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ముందు బొమ్మకు పెట్టి చూపించి, మాస్కును బిడ్డనే పట్టుకోనివ్వాలి. అయితే తీవ్రమైన ఆయాసంలో ఉన్న బిడ్డకు, ఏడుపు మానాలని ఎదురుచూడకుండా మందు ఇచ్చేయాలని కూడా అప్పుడే చెప్పండి.

రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టడం మరో దురలవాటు. మందు తుంపరలు ఒకదానికొకటి అంటుకుని గోడలకు పడతాయి. ఒక పఫ్, దాని శ్వాసలు పూర్తయ్యాక అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి రెండోది ఇవ్వాలి.

ఇంత శ్రమ ఎందుకు, నెబ్యులైజర్ (మందును పొగమంచులా మార్చి ఇచ్చే యంత్రం) పెట్టేస్తే పోదా అని తప్పకుండా అడుగుతారు. ఆయాసం ప్రాణం మీదికి రానంతవరకు స్పేసర్‌తో ఇచ్చిన మందు నెబ్యులైజర్‌కు ఏమీ తీసిపోదు. గుండెదడా తక్కువే. పైగా ఇంట్లో ప్రతి రాత్రీ తల్లి చేతికి అందేది స్పేసరే. పొడి ఇన్‌హేలర్ల పాఠం మాత్రం ఇంకో రోజుకు ఉంచండి. వాటిని వేగంగా, బలంగా పీల్చాలి. రెండూ ఒకే పూట చెబితే కలగాపులగం అవుతుంది.

స్పేసర్‌ను సబ్బు నీళ్లలో కడిగి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది. స్టెరాయిడ్ మందైతే వాడాక నోరు పుక్కిలించాలి, మాస్కు తగిలిన చోట ముఖం తుడవాలి.

చివరికి ప్రతి ఒక్కరూ మీ ముందు మొదటినుంచి చివరిదాకా చేసి చూపాలి. మధ్యలో అందించకండి. తప్పు ఎక్కడ పడిందో రాసుకుని, ఆ ఒక్క దశనే మళ్లీ చేయించండి. కొన్ని నెలలకు అందరినీ తిరిగి పిలవండి, బాగా చేసినవారిని కూడా. అభ్యాసం లేకపోతే మొదట జారిపోయేది మాస్కు పట్టే తీరే.